మోటారు రంపము – ఎలక్ట్రానిక్ అదుపు
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము మోటారు రంపము. దుకాణములలో చైన్ సా అనియు, పల్లెలలో కటింగు మిషను అనియు పిలువబడునది ఇదియే. తుపానుల తాకిడికి గురియగు కోస్తా గ్రామములకు ఈ యంత్రము క్రొత్తది కాదు. క్రొత్తగా వచ్చినది దాని ఇంజనులోని ఎలక్ట్రానిక్ అదుపు. "కంప్యూటరున్న రంపము" అని వ్యాపారులు దీనిని ప్రశంసించుచున్నారు. పంచాయతీ సొమ్ముతో దీనిని కొనవచ్చునా, కొన్నచో మనకు కలుగు లాభమేమి, దానివలన కానిపని యేమి అను విషయములను మీరు తెలిసికొనుట అవసరము.

ముందుగా నేను విన్న యొక సంగతి చెప్పెదను. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానములోని కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలవ్రాలినవి. ఆ తరువాత కొన్నాళ్ళకు ప్రచారపు పనిమీద నేనొక గ్రామమునకు పోయితిని. తుపాను మరునాడు తమ యూరిలో జరిగినది అచ్చటి సర్పంచిగారు నాకు వివరించిరి. ఊరికి పోవు దారిపై పెద్ద చింతచెట్టు కూలినది. పంచాయతీ ఆఫీసులో మోటారు రంపమున్నది. ఇద్దరు యువకులు దానిని తెచ్చి త్రాడు లాగిరి. ఎంత లాగినను అంటుకొనలేదు. ఎండకాలమునుండి దానిలో పెట్రోలు అట్లే నిలువయుండి కార్బ్యురేటరు పట్టుకొనిపోయినది. కష్టపడి దానిని విప్పి, తుడిచి, మోటారు సైకిలునుండి తీసిన పెట్రోలు పోసిరి. ఈసారి అంటుకొన్నది. అందరును సంతోషించిరి. అరగంట తిరుగకముందే కీచుమని శబ్దము చేసి ఇంజను బిగిసిపోయినది. పెట్రోలులో నూనె కలుపుట మరచిరి. పిమ్మట గొడ్డళ్ళతోనే పని సాగినది. ఆ సాయంకాలము నొప్పులు పడుచున్న యొక గర్భిణికొరకు వచ్చిన 108 వాహనము చెట్టున కావలివైపుననే ఆగవలసి వచ్చినది. ఆమెను నులకమంచముపై పరుండబెట్టి, కూలిన కొమ్మల మీదుగా నలుగురు మోసికొని పోయిరి. దైవవశమున తల్లి, బిడ్డ క్షేమముగా బయటపడిరి.

ఈ సంగతి చెప్పి సర్పంచిగారు నన్నొక ప్రశ్న వేసిరి. "అయ్యా, ఎలక్ట్రానిక్ రంపమును కొనియుండినచో మాకీ బాధ తప్పెడిదా?" అని. ఆ ప్రశ్నకు సమాధానమే ఈనాటి నా ప్రసంగము.

ఈ యంత్రము పుట్టుక

జర్మనీ దేశమున స్టుట్‌గార్ట్ నగరమందు ఆంద్రియాస్ స్టిల్ అను ఇంజనీరు 1926లో విద్యుత్తుతో నడుచు గొలుసు రంపమును తయారుచేసెను. దాని బరువు 48 కిలోలు. ఇద్దరు మనుష్యులు చెరియొక కొనను పట్టుకొని కోయవలసియుండెను. 1929లో ఆయన పెట్రోలుతో నడుచు రంపమును చేసెను. అదియును 46 కిలోల బరువే. ఒక్క మనిషి మోయగల 16 కిలోల రంపము 1950 నాటికి గాని ఆ సంస్థనుండి రాలేదు. ఈ లోపల అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను కట్టెకోత పనివాడు, కొయ్యను తొలుచు పురుగు తన దవడలతో ఎడమకును కుడికిని కొరుకుచు పోవుటను 1946లో గమనించి, అట్టి పళ్ళు గల గొలుసును రూపొందించెను. నేటికిని మనము వాడెడి గొలుసు ఆ పురుగు పద్ధతిలోనిదే.

నేడు ఆరు కిలోల రంపము, పూర్వము ఇద్దరు మోసిన రంపముకంటె మిక్కిలి బలముగా కోయుచున్నది. కోతలో గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెత్తును. అనగా గంటకు 72 కిలోమీటర్ల వేగము. రోడ్డుపై బస్సు పోవు వేగముతో పదునైన పళ్ళు మన చేతి దాపున తిరుగుచున్నవని అర్థము. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

గాలి, పెట్రోలు – పాళ్ళ సంగతి

మోటారు రంపములోనిది రెండు స్ట్రోకుల ఇంజను. పాత బజాజ్ స్కూటర్లలోను, పొలములలో మందు చల్లు అనేక తైవాన్ స్ప్రేయర్లలోను ఉన్నదియు ఇట్టిదే. దీనికి వేరుగా ఇంజనాయిలు ఉండదు. పెట్రోలులో కలిపిన టూటీ ఆయిలే పిస్టనుకు జారుడు కలిగించును.

పెట్రోలు చక్కగా మండుటకు తగినంత గాలి కావలెను. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి అవసరము. పెట్రోలు ఎక్కువైనచో పొగ వచ్చును, ప్లగ్గు మసిబారును, ఇంజను మందకొడిగా తిరుగును. పెట్రోలు తక్కువైనచో అంతకంటె ప్రమాదము. ఇంజను మితిమీరి వేడెక్కును. పెట్రోలుతోపాటు నూనెయు తక్కువగా లోనికి పోవుటచే పిస్టను సిలిండరునకు కరచుకొనిపోవును. వింత యేమనగా, బిగిసిపోవుటకు ముందు ఇట్టి ఇంజను మంచి జోరుగా తిరుగుచున్నట్లే వినిపించును. తెలియనివారు "బండి భేషుగా నున్నది" అని మురిసిపోవుదురు.

సాధారణపు రంపములో ఈ పాళ్ళను కార్బ్యురేటరుపై నున్న చిన్న మరలతో సరిచేయుదురు. ఒకటి నెమ్మది వేగమునకు, ఒకటి అధిక వేగమునకు, మరియొకటి ఊరకనే తిరుగు వేగమునకు. తెలిసిన మెకానిక్కు చెవితో విని పావు చుట్టు, అరపావు చుట్టు త్రిప్పును. తెలియనివాడు త్రిప్పినచో ఇంజను చెడును.

పోనీ, ఒకసారి సరిచేసినచో చాలునా యన్న, చాలదు. విశాఖపట్నమున సముద్రపు ఒడ్డున సరిచేసిన రంపమును సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న అరకు ప్రాంతమునకు తీసికొనిపోయినచో, అచ్చట గాలి పలుచనగుటచే పెట్రోలు పాలు ఎక్కువగును. ఉదయపు చలికిని మధ్యాహ్నపు ఎండకును పాళ్ళు వేరు. రంపపు పొట్టుతో గాలి జల్లెడ మూసికొన్నచో మరల మారును.

ఎలక్ట్రానిక్ అదుపు చేయు పని

ఈ మరలు త్రిప్పు పనిని యంత్రమే చేసికొనునట్లు 2010 ప్రాంతమున రెండు పేరుపొందిన సంస్థలు ఏర్పాటు చేసినవి. స్వీడను దేశపు హస్క్‌వార్నా సంస్థ తన పద్ధతికి ఆటోట్యూన్ అని పేరుపెట్టినది. జర్మనీ దేశపు స్టిల్ సంస్థ ఎం-ట్రానిక్ అని పిలుచుచున్నది. రెండింటి సూత్రమును దగ్గర దగ్గరగా ఒక్కటే.

ఇంజను ప్రక్కన తిరుగు చక్రమునకు అయస్కాంతములు అమర్చబడి యుండును. వాటినుండి పుట్టిన విద్యుత్తే ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెను నడుపును. బ్యాటరీ అక్కరలేదు. ఆ పెట్టె ఇంజను నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో ఎడతెగక లెక్కించుచుండును. కార్బ్యురేటరులో మరలకు బదులు విద్యుత్తుతో తెరచుకొని మూసికొనెడి చిన్న కవాటము ఉండును. వంటచేయు ఇల్లాలు పులుసును రుచి చూచి చిటికెడు ఉప్పు వేసినట్లు, ఈ పెట్టె పెట్రోలును రవ్వంత మార్చి, ఇంజను వేగము హెచ్చినదా తగ్గినదా యని గమనించి, దానినిబట్టి పాళ్ళను సరిచేయును. మనము కోతలో ఉండగనే ఇది మాటిమాటికి జరుగుచుండును.

రెండవ పని నిప్పురవ్వను సమయమునకు వేయుట. అంటించునప్పుడు ఒక సమయమున, నెమ్మదిగా తిరుగునప్పుడు ఒక సమయమున, పూర్తి వేగమున మరియొక సమయమున ప్లగ్గు మండవలెను. అట్లు చేసినచో త్రాడు లాగునప్పుడు చేతిని వెనుకకు గుంజుట తగ్గును, కోతలో బలము చేకూరును.

మూడవ పని వేగమునకు హద్దు పెట్టుట. కొయ్య తెగి బరువు తీరినపుడు ఇంజను ఒక్కసారిగా విజృంభించును. హద్దు దాటకుండ ఈ పెట్టె నిప్పురవ్వను ఆపి ఆపి వదలును. ఈ సదుపాయము మాత్రము సాధారణపు రంపములలోను కొన్నింటిలో కలదు.

నాల్గవ పని జ్ఞాపకముంచుకొనుట. ఇంజను ఆగినను, అది ఆగునాటి పాళ్ళను పెట్టె మరువదు. మరల అంటించునపుడు అచ్చటనుండియే ప్రారంభించును. క్రొత్త స్థలమునకు పోయినపుడు కొన్ని నిమిషములు కొయ్యలో కోత కోయనిచ్చినచో కొత్త గాలికి తగినట్లు తనను తాను సరిచేసికొనును.

2019లో స్టిల్ సంస్థ ఇంకొక అడుగు వేసి, కార్బ్యురేటరు బొత్తిగా లేని రంపమును అమ్మకమునకు తెచ్చినది. దాని పేరు ఎం.ఎస్. 500 ఐ. కార్లలోవలె దానిలో పెట్రోలును కొలిచి ఇంజనులోనికి చిమ్ముదురు. బరువు కోతపట్టీ, గొలుసు కాక 6.2 కిలోలు, శక్తి 5 కిలోవాట్లు. అది పెద్ద మ్రానులను దినమెల్ల కోయు అడవి పనివారికొరకు చేసినది; గ్రామ పంచాయతీకి అవసరమైనది కాదు.

ఇథనాలు కలిసిన పెట్రోలు

ఇచ్చట మన దేశమునకు సంబంధించిన ముఖ్యమైన సంగతి యొకటి గలదు. చెరకునుండి, ధాన్యమునుండి తయారగు ఇథనాలును పెట్రోలులో కలుపుట మీరెరుగుదురు. 2025 నాటికి దేశమున అమ్మెడి పెట్రోలులో ఇది నూటికి 20 పాళ్ళకు చేరినది. ఇథనాలులో ప్రాణవాయువు తనలోనే ఉన్నది. కావున అది మండుటకు తక్కువ గాలి చాలును. కిలోకు సుమారు 9 కిలోలు మాత్రమే. పూర్వపు పెట్రోలుకు మరలు బిగించిన రంపములో ఈ పెట్రోలు పోసినచో, గాలి పాలు ఎక్కువై, పెట్రోలు పాలు తక్కువైనట్లగును. నేను చెప్పిన ప్రమాదకరమైన స్థితి ఇదే. ఎలక్ట్రానిక్ అదుపు గల రంపము ఈ భేదమును కొంతవరకు తానే గుర్తించి పాళ్ళను సరిచేసికొనును. ఈ యంత్రమువలన మనకు కలుగు గొప్ప లాభములలో ఇది యొకటి.

అయినను దానికిని హద్దు గలదు. ఎంత ఇథనాలు వరకు తమ యంత్రము సహించునో తయారుచేసినవారు చేతిపుస్తకములో వ్రాయుదురు. అది చదివి, మన బంకు పెట్రోలు దానికి సరిపడునో లేదో అమ్మకందారును అడిగి, జవాబు కాగితముపై తీసికొనవలెను. మరియు ఇథనాలు తేమను పీల్చుకొనును. సముద్రతీరపు తేమ గాలిలో నెలల తరబడి నిలువయున్నచో, నీరును ఇథనాలును కలిసి డబ్బా అడుగునకు దిగును. నూనె పైనున్న పెట్రోలుతోనే నిలిచిపోవును. అడుగుది ఇంజనులోనికి పోయినచో నూనె లేని ఇంధనము పోసినట్లే.

యంత్రము చేయజాలని పనులు

ఇప్పుడు సర్పంచిగారి ప్రశ్నకు వత్తము. ఎలక్ట్రానిక్ రంపమున్నచో వారి బాధ తప్పెడిదా? తప్పెడిది కాదు.

ఏలయన, ఆ పెట్టె గాలి పెట్రోలు పాళ్ళను చూడగలదు గాని, పెట్రోలులో నూనె ఉన్నదా లేదా యని చూడజాలదు. నూనె లేనిచో లక్ష రూపాయల రంపమైనను బిగిసిపోవును. చేతిపుస్తకములో 50కి 1 పాలు అని యున్నచో, ఒక లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె. 25కి 1 అని యున్నచో 40 మిల్లీలీటర్లు. ఈ లెక్కను గోడపై పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టుడు. నిలువ పెట్రోలును పెట్టె క్రొత్తది చేయజాలదు. పని ముగిసిన పిమ్మట చేతిపుస్తకమున చెప్పినట్లు ట్యాంకును ఖాళీచేసి పెట్టుటయే దానికి మందు.

మొద్దుబారిన గొలుసును అది పదును పెట్టజాలదు. పొడి రాలుచున్నచో గొలుసు మొద్దుబారినదని, చిన్న చిన్న పేళ్ళు రాలుచున్నచో పదునుగా నున్నదని తెలిసికొనుడు. గొలుసుకు పోయు నూనె వేరు, పెట్రోలులో కలుపు నూనె వేరు, రెండింటిని మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మనుష్యుని ప్రాణము. కోతపట్టీ కొనయందలి పైభాగము కొయ్యకు తగిలినచో రంపము కనురెప్పపాటులో ముఖముమీదికి ఎగురును. దీనిని ఆపుటకు ముందుపిడికి ఎదురుగా బ్రేకు కలదు. అది పనిచేయుచున్నదో లేదో ప్రతిదినము చూచుకొనవలెను. భుజముకంటె ఎత్తున కోయరాదు. నిచ్చెనపై నిలిచి కోయరాదు. ఒంటరిగా కోయరాదు. తుపానులో కూలిన చెట్టు నేలపై ఊరకనే పడియుండదు. విల్లువలె వంగి బిగిసియుండును. ఎటువైపు బిగువున్నదో చూడక కోసినచో మ్రానే మనిషిని కొట్టును. చెట్టుక్రింద కరెంటు తీగలున్నచో, విద్యుత్ శాఖవారు సరఫరా నిలిపినట్లు చెప్పువరకు రంపమును ముట్టరాదు. ఏ ఎలక్ట్రానిక్ పెట్టెయు వీటిలో ఒక్కదానిని ఎరుగదు.

కొనుటకు ముందు

అట్లయిన ఈ యంత్రము కొనుట వ్యర్థమా యని మీరడుగవచ్చును. కాదు. ఏడాది పొడుగున పనియున్నచోట, మన్యములోను మైదానములోను తిరుగవలసినచోట, పలువురి చేతులు మారునప్పుడు, మరలు త్రిప్పు నిపుణుడు దొరకనిచోట, ఇది మేలైన యంత్రము. పెట్రోలు ఆదాయగును, పొగ తగ్గును, ఇంజను కాలము పెరుగును. సంవత్సరమునకు నాలుగు దినములు మాత్రమే పనియున్న చిన్న పంచాయతీకి, తెలిసిన మెకానిక్కు దగ్గరలోనున్నచో, సాధారణపు రంపమే చాలును. మిగిలిన సొమ్ముతో శిరస్త్రాణము, ముఖమునకు జాలీ, చెవులకు మూతలు, కాళ్ళకు రక్షణ తొడుగులు, గట్టి బూట్లు కొనుడు.

కొనునపుడు నాలుగు ప్రశ్నలు అడుగుడు. విడిభాగములు, మరమ్మతు ఎంత దూరమున దొరకును? ఎలక్ట్రానిక్ రంపములో లోపము కనిపెట్టుటకు ప్రత్యేక సాధనము కావలెను. అది ఆ దుకాణమున కలదా? బంకు పెట్రోలు దీనికి సరిపడునా? మన మనుష్యులకు వాడుక నేర్పెదరా? నాలుగింటికిని సరియైన జవాబు రానిచో, ధర ఎంత తక్కువైనను కొనకుడు.

కొన్న పిమ్మట, శిక్షణ పొందిన ఇద్దరికి తప్ప ఇతరులకు రంపమును ఈయరాదు. ఎవరు తీసికొనిరి, ఎందులకు తీసికొనిరి, ఎప్పుడు తెచ్చిరి అను వివరములు రిజిస్టరులో వ్రాయవలెను. చేతిలో రంపమున్నదని నిలిచియున్న చెట్టును ఇష్టము వచ్చినట్లు కోయరాదు. 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము చెట్టు నరుకుటకు సాధారణముగా ముందు అనుమతి పొందవలసియున్నది. దారికడ్డముగా పడిన చెట్టును తీయుట వేరు, నీడనిచ్చు చెట్టును కూల్చుట వేరు.

చివరి మాట. నేను మరుసటి సంవత్సరము ఆ గ్రామమునకు మరల పోయితిని. వారు క్రొత్త రంపము కొనలేదు. పాతదానికి సిలిండరు, పిస్టను మార్పించిరి. ఇద్దరు యువకులకు పని నేర్పించిరి. పంచాయతీ ఆఫీసు గోడపై పెట్రోలు, నూనెల లెక్క ఎర్రరంగుతో వ్రాసియున్నది. ప్రతినెల మొదటి సోమవారమున క్రొత్తగా నూనె కలిపిన పెట్రోలుతో రంపమును అయిదు నిమిషములు నడిపి, ట్యాంకు ఖాళీచేసి, రిజిస్టరులో సంతకము చేయుచున్నారు. "వచ్చే ఏడు సొమ్ము కూడినచో ఎలక్ట్రానిక్ రంపమే కొందుము. అయినను ఈ సోమవారపు పని మాత్రము మానము" అని సర్పంచిగారు నాతో చెప్పిరి.

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొని లాభము లేదు. తుపాను రాకముందే మీ పంచాయతీలోని రంపమును ఒకసారి బయటకు తీసి చూడుడు. అది ఎలక్ట్రానిక్ రంపమైనను, సాధారణపు రంపమైనను, ఆ రాత్రి దారి తెరచునది మీరు ముందుగా పడిన శ్రద్ధయే.